బోణీ పాట

"అబ్బా, రేపు సాయంత్రం మన రేవులో బ్లూఫిల్మ్ వేస్తున్నాం. మైకులో అందరికీ చెప్పు. ఆడవాళ్ళు కూడా తప్పకుండా రావాలి" అంది మా అమ్మాయి ఫోనులో.

"బ్లూ ఫిల్మా!" అని నేను వేసిన కేకకి వీధిలో సైకిలు మీద పోతున్నవాడు బ్రేకు వేశాడు. రిసీవరు పెట్టేసి కుర్చీలో కూలబడ్డాను. వంటింట్లోంచి మా ఆవిడ జహీదా వచ్చి ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదు, పరువు పోయింది అన్నాను. ఎవరిదని అడిగింది. అది నోటితో చెప్పే విషయం కాదన్నాను. జహీదా నన్ను నమ్ముకోకుండా తనే తిరిగి ఫోను చేసింది. అవతల చెప్పింది విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అరనిమిషం ఊగిపోతూ నవ్వింది.

"బ్లూఫిన్ అంట. చేప. ఫిన్ అంటే రెక్క. ఆ చేప గురించి ఫిల్ము తీశారంట, అది వేస్తారంట. నీలం రెక్కలు చేపకున్నాయి, మీ చెవులకి కాదు. వెళ్ళి డాక్టరుకి చూపించుకోండి."

ఇంట్లో మేం మాట్లాడుకునేది ఉర్దూ. మీ సౌకర్యం కోసం ఇక్కడ తెలుగులోకి దింపుతున్నాను. ఒక్క 'అబ్బా'ని మాత్రం దించను. మా భాషలో దానికి నాన్న అని అర్థం. తెలుగులో అదే మాట నొప్పి పుడితే అంటారు. ఆ ఏడాది మా అమ్మాయి ఏ అర్థంలో పిలిచిందో ఇప్పటికీ తేల్చుకోలేను.

అది రెండువేల ఏడు, మే నెలాఖరు. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు బోట్లన్నిటినీ రేవులో కట్టేయించింది. వేట లేకపోతే పాట లేదు. పాట లేకపోతే మాకు పూట లేదు. నాది వేలం పాట. బందరు గిలకలదిండి రేవులో ఇరవై రెండేళ్ళుగా చేపల పాట పాడుతున్నది ఈ నిసార్ అహ్మదే. నా పాటకి శ్రుతి లేదు, రాగం లేదు, గొంతు ఉంది. మైకు లేకపోయినా మంగినపూడి బీచిలో ఉప్పు ఎండబెట్టుకునేవాళ్ళు తలెత్తి చూస్తారు. మైకు ఉంటే మరీ ప్రమాదం. మైకు పట్టుకున్నానంటే నాకు మైకం.

ఆఫ్రీన్ మా ఒక్కతే కూతురు. చేపల చదువు చదివి, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసున్న ఒక ఎగుమతుల కంపెనీలో చేరింది. చేపని కోసి, రంగు చూసి, ఇది పైదేశానికి పోతుంది, ఇది పోదు అని సంతకం పెట్టే ఉద్యోగం. తండ్రి చేపకి రేటు కడతాడు, కూతురు చేపకి మార్కులు వేస్తుంది అని నేను ఊళ్ళో చెప్పుకోని మనిషి లేడు.

మర్నాడు పాటల షెడ్డులో తెల్ల దుప్పటి కట్టారు. నేను ఫోనులో వేసిన కేక ఎవరెవరి చెవిన పడిందో, రేవు పట్టనంత జనం వచ్చారు. వాళ్ళంతా చేప కోసమే వచ్చారని నేను ప్రమాణం చెయ్యలేను. దుప్పటి మీద మనిషికన్నా పొడుగు, దున్నపోతంత ఒళ్ళు ఉన్న నీలం వీపు చేప కనపడగానే వెనకనించి ఎవరో "ఇంతేనా బొమ్మ?" అని నిట్టూర్చాడు.

ఆఫ్రీన్ చెప్తోంది, నేను మైకులో అందుకుంటున్నాను. ఆ చేపని ఏ దేశం ఎంత పడుతుందో గీసిన పటం వచ్చింది. ఒక్కో దేశానికి ఒక్కో స్తంభం. ఒకటి తాటిచెట్టంత, ఒకటి గునపమంత. జపాను వాళ్ళు బోలెడు పడతారు, పట్టింది చాలక బయటినించి తెప్పించుకు తింటారు. స్పెయిన్, క్రొయేషియా వాళ్ళు పట్టినవాటిని చంపకుండా సముద్రంలోనే వలలతో దొడ్లు కట్టి మేపి కొవ్వెక్కిస్తారు. ఆస్ట్రేలియా వాళ్ళు మందకి మందనే వలలో పెట్టి, బోటుతో రోజుల తరబడి మెల్లగా ఒడ్డుకి నడిపించుకొస్తారు.

"మనం ఊరేగింపులో గణపతిని లాక్కొచ్చినట్టు" అన్నాను మైకులో. నవ్వారు.

మన దేశం పేరు దగ్గర స్తంభం లేదు. అడ్డగీత ఉంది.

పెద్దబ్బాయి అనేవాడు లేచాడు. నాతో కలిసి గోళీలాడినవాడు, ఇప్పుడు రేవులో అందరికన్నా పెద్ద బోటుకి ఓనరు. "అదేంటమ్మా ఆఫ్రీనూ, ఇంత సముద్రం పెట్టుకుని మనకి గీతేంటి? మనం ఏమన్నా చేతులు ముడుచుక్కూర్చున్నామా?"

"ఆ చేప మన బంగాళాఖాతానికి రాదు బాబాయ్. దాని చుట్టం వస్తుంది, పసుపు రెక్కల సూర. మీరు ఎన్నోసార్లు పట్టి కూరకి ఇచ్చేశారు. ఈ ఏడు జపాను వాళ్ళకి దక్షిణ సముద్రంలో కోటా సగానికి కోశారు. పచ్చిగా తినడానికి పనికొచ్చే చేప వాళ్ళకి కావాలి. మన సూరని వాళ్ళ పద్ధతిలో చూసుకుంటే వాళ్ళే కొంటారు."

"పచ్చిగానా? అయితే జపాన్లో గ్యాసు బండకి క్యూ ఉండదన్నమాట" అన్నాను. మళ్ళీ నవ్వు.

అప్పుడు బాలశౌరి చెయ్యెత్తాడు. పెద్దబ్బాయి బోటులో ఐసూ, చేపల గదీ చూసుకునే మనిషి. యాభై దాటాడు. మాట బహు తక్కువ. రోజూ నేను మాట్లాడే మాటల్లో అతని వాటా కూడా నేనే వాడేసుకుంటున్నానేమో. "వాళ్ళు పట్టేదీ చేపే, మనం పట్టేదీ చేపే కదమ్మా. ఇంత తేడా ఎక్కడుందండీ?" అన్నాడు.

"పట్టడంలో లేదు బాలశౌరి గారూ, పట్టిన తర్వాత ఉంది. మిగతా చేపల్లా కాదు, ఈ జాతికి ఒంట్లో వేడి రక్తం. చచ్చాక కూడా ఆ వేడి అంత తొందరగా దిగదు..."

"అంటే మా ఆవిడ లాంటిదన్నమాట!" అన్నాను మైకులో.

ఆడవాళ్ళ వరసలో కూర్చున్న జహీదా చెప్పు తీసి చూపించింది. షెడ్డు రేకులు ఎగిరిపోయేట్టు నవ్వారు. ఆఫ్రీన్ ఆ వాక్యం చివరిదాకా చెప్పింది. పెదాలు కదలడం నేను చూశాను. మైకు నా చేతిలో ఉంది కాబట్టి ఎవరికీ వినపడలేదు, నాకు కూడా. ముందు వరసలో మెడ చాచి కూర్చున్న బాలశౌరికి తప్ప.

కంపెనీ ఆ సీజనుకి మా రేవునించి ఒక్క బోటునే తీసుకుంది, పెద్దబ్బాయిది. మొదటి చేప పాసయితే సీజనంతా కంపెనీయే కొంటుంది, తర్వాత మిగతా బోట్లకీ దారి దొరుకుతుంది. వారం రోజులు బాలశౌరి వేరే మనిషి అయిపోయాడు. బందరు ఐసులో ఉప్పదనం ఉందని అనుమానపడి చల్లపల్లి వెళ్ళి ఐసు దిమ్మలు తెచ్చుకున్నాడు. ఆ ఊరికి ఊరికే ఆ పేరు పెట్టారా, చల్ల చల్లగా ఉంటుందని కాదూ అన్నాను. నవ్వకుండా దిమ్మలు లెక్కపెట్టుకున్నాడు. ఆఫ్రీన్ అతనికి చొక్కా బొత్తాం కన్నా కాస్త పెద్దగా ఉన్న యంత్రం ఒకటి ఇచ్చింది. పట్టిన చేప పొట్ట శుభ్రం చేశాక లోపల పెడితే, ఎప్పుడెంత వేడి ఉందో దానంతట అదే రాసుకుంటుందట. బాలశౌరి దాన్ని జేబురుమాల్లో చుట్టి, శిలువ గొలుసుకి కట్టి మెళ్ళో వేసుకున్నాడు.

జూన్ ఐదో తారీకు ఉదయం పదిన్నరకి బోటు వచ్చింది. యాభై రెండు కిలోల సూర. వీపు నల్లగా, పక్కలు వెండిలా, రెక్కలు పసుపుకొమ్ముల్లా. మొప్పలూ పేగులూ బోటు మీదే తీసేసి, ఐసు నీళ్ళలో ముంచి తెచ్చారు. నిషేధం ఎత్తేశాక రేవుకి తిరిగొచ్చిన మొదటి బోటు అదే. అంటే అది బోణీ చేప.

మా రేవులో బోణీ చేపకి ఒక మర్యాద ఉంది. దాన్ని దించి సిమెంటు అరుగు మీద పరిచిన గోనె మీద పెట్టాలి. ఓనరు ఇంటి ఇల్లాలు పసుపు రాసి బొట్టు పెట్టాలి. అక్కడున్న వర్తకులందరూ, కొన్నా కొనకపోయినా, తలా ఒక్కసారైనా పాట పెంచాలి. ఒక్కడు నోరు కట్టుకున్నా ఆ ఏడు రేవు నోరు కట్టుకుపోతుందని నమ్మకం. బోణీ చేప ఒకసారి బోటు దిగాక పాట ముగిసేదాకా మళ్ళీ ఐసు ఎక్కకూడదు. ఎక్కితే వేట వెనక్కి పోయినట్టు. ప్రతి ఏడాదీ ఏ వంజరమో బోణీ అయ్యేది. నేను పేరు పేరునా పిలిచి, తలా ఒక చురక వేసి, పావుగంటలో ముగించేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు బోణీ నా గొంతుతోనే జరిగింది. పసుపు వాళ్ళది, పాట సాయిబుది.

ఆ రోజు జనం అరవై మంది పైనే. చేప కంపెనీకే పోతుంది, అయినా బోణీ మర్యాద తప్పదు. కంపెనీ వ్యాను ఇంకా రాలేదు. పామర్రు దగ్గర టైరు పోయిందని ఫోను వచ్చింది. పెద్దబ్బాయి భార్య వీరమ్మ పసుపు రాసింది. నేను మైకు అందుకున్నాను.

ఏం చెప్పమంటారు. ఆ రోజు పాడినట్టు నా జన్మలో పాడలేదు. "ఉయ్యూరు బాబుగారూ, నోరు తెరవండి, మీకన్నా ముందు ఈగలు పాడేట్టున్నాయి!" "కైకలూరు వారు కొల్లేటి చేపకి అలవాటుపడ్డారు, ఉప్పు చూస్తే బీపీ పెరుగుతోంది!" "ఇది సూర అండీ సూర, జపాను మనసు చూరగొన్న సూర! జపాను వాడు జపం చేసేది దీని పేరే!" పడీ పడీ నవ్వుతున్నారు. ఒకాయన నవ్వు ఆపుకోలేక పాట చెప్పడం మర్చిపోయాడు. ఆయన కోసం మళ్ళీ మొదలెట్టాను.

బాలశౌరి నా పక్కకి వచ్చాడు. "సాయిబు గారూ, ఐసులో పెట్టేద్దామండీ. ఎండ ముదురుతోంది."

నేను మైకులోనే జవాబు చెప్పాను. "బాలశౌరి గారికి చేప మీద బెంగ పట్టుకుందండోయ్! బోణీ కాకుండా ఐసెక్కిస్తే దానికి జలుబు చేస్తుందయ్యా. తిన్న జపాను వాడు తుమ్ముతాడు!"

జనం విరగబడి నవ్వారు. అతను వెళ్ళి తడి గోనెపట్టా తెచ్చి చేప మీద కప్పాడు.

"పెళ్ళికూతురికి ముసుగెందుకయ్యా! తియ్యి తియ్యి, ఊరంతా మొహం చూడనీ!"

అతను ఒక్క క్షణం నా వంక చూసి గోనె తీసేశాడు.

వ్యాను వచ్చేసరికి నేను చిట్టచివరి వర్తకుణ్ణి పిలుస్తున్నాను. ఆఫ్రీన్ ముందు తలుపు తీసుకుని దిగింది. అరుగు మీద చేపని చూసింది. మైకు పట్టుకున్న నన్ను చూసింది. నేను "అదిగో జపాను రాయబారి!" అన్నాను. తను కుర్రాళ్ళచేత చేపని ఐసు పెట్టెలోకి ఎత్తించి, పొట్టలో చెయ్యి పెట్టి ఆ బొత్తాం తీసి సంచీలో వేసుకుంది. వ్యాను కదిలేప్పుడు నేను మైకులోనే టాటా చెప్పాను.

మూడో రోజు ఉత్తరం వచ్చింది. కంపెనీ మేనేజరు జానకిరామ్ గారి సంతకం, దాని కింద నాణ్యత అధికారిణి ఎం. ఆఫ్రీన్ సంతకం. ఇబ్రహీంపట్నం దగ్గర వాళ్ళ శీతల గిడ్డంగిలో కోసి చూశారట. లోపల ఎర్రగా నిగనిగలాడాల్సిన మాంసం గోధుమ రంగుకి తిరిగి, ఉడికినట్టు అయిపోయిందట. కారణం: బోటులో ఐసు చాలలేదు. ఈ సీజనుకి ఆ బోటు నుంచి చేప తీసుకోబడదు. బోటు ఓనర్ల సంఘం బోర్డు మీద దాన్ని అంటించారు.

పెద్దబ్బాయి మంచివాడే. కానీ అరవై మంది ఎదుట బోణీ చేసిన చేప చెడిందంటే తల ఎక్కడ పెట్టుకుంటాడు? బాలశౌరిని పిలిచి, "నీ చేతుల్లో పెట్టాను రా బోటంతా. నాలుగు దిమ్మలు మిగుల్చుకుందామనుకున్నావా?" అన్నాడు. ఆ మాటతో పద్నాలుగేళ్ళ పని పోయింది. మా దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. బోణీ చేప ఎవరి చేతిలో చెడిందో ఆ చేతిని ఆ ఏడు మరే బోటూ ఎక్కించుకోదు. ఆ మనిషిని ఎవరూ తిట్టరు. తోవలో ఎదురైతే పక్కకి చూస్తారు, అంతే.

నాలుగు రోజులకి బాలశౌరి మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం ముందు నిలబడి, "మీకు ఓనర్లందరూ తెలుసు కదండీ. ఎవరికన్నా ఒక్క మాట చెప్పండి. ఐసు పని కాకపోయినా సరే, వంట చేస్తాను, నీళ్ళు తోడతాను" అన్నాడు.

"చెప్తాలేవయ్యా. అయినా అంత జాగ్రత్తపరుడివి, ఎలా జరిగిందంటావు?"

వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నాడు. "తొమ్మిది దిమ్మలు వేశానండీ. పద్దెనిమిది గంటలు నిద్రపోకుండా నీళ్ళు కలబెడుతూనే ఉన్నాను. తక్కువయ్యుంటుందని నాకు తోచలేదు. కానీ అమ్మాయిగారు చదువుకున్నావిడ, కోసి చూసి రాశారు. తక్కువే అయ్యుంటుంది. నేనే తక్కువేసుంటాను."

నేను నిజంగానే తిరిగాను. పదకొండు బోట్లకి వెళ్ళి అడిగాను. ప్రతి బోటు దగ్గరా ఒక జోకు వేసి, చివర్లో బాలశౌరి మాట ఎత్తాను. జోకుకి నవ్వారు. బాలశౌరి మాటకి తాళ్ళు సర్దుకున్నారు.

శుక్రవారం జుమ్మా నమాజు చదివి ఇంటికొచ్చేసరికి ఆఫ్రీన్ విజయవాడ నుంచి వచ్చి ఉంది. ముగ్గురం అన్నానికి కూర్చున్నాం. పదకొండు బోట్ల కథ చెప్పడం మొదలెట్టాను. నాకు బాధలో కూడా నోరు ఆగదు. తాళ్ళు సర్దుకునేవాళ్ళని అనుకరించి చూపిస్తున్నాను.

"తెరేసమ్మ నాలుగు రోజులుగా రావట్లేదు" అంది జహీదా. తెరేసమ్మ బాలశౌరి భార్య. ఎండుచేపల గంప ఎత్తుకుని వీధివీధీ తిరిగేది, మా గుమ్మంలోనే దించుకుని మంచినీళ్ళు తాగేది. "నిన్న బజార్లో కనపడితే పిలిచాను. వినపడనట్టు వెళ్ళిపోయింది. మన పిల్ల సంతకం వాళ్ళాయన కూడు తీసింది, నాతో ఏం మాట్లాడుతుంది?"

"చేప చెడితే పిల్లేం చేస్తుంది? చెడిందని రాసింది" అన్నాను. "తొమ్మిది దిమ్మలు వేశాడట పాపం. ఐసు చాల్లేదు, వయసు మీరిపోయింది. ఐసూ వయసూ రెండూ కరిగేవే."

ఆఫ్రీన్ లేచి చెయ్యి కడుక్కుని, సంచీలోంచి నాలుగు మడతల కాగితం తెచ్చి నా కంచం పక్కన పెట్టింది.

"ఏంటిది?"

"ఆ బొత్తాం రాసుకున్నది."

విప్పాను. గళ్ళ కాగితం మీద ఒక గీత. ఎడమనించి మొదలై చాలా దూరం అడుగున, సున్నాని అంటిపెట్టుకుని, స్కేలు పెట్టి గీసినట్టు పోయింది. చివర్లో ఒక్కసారిగా లేచింది.

"ఇక్కడిదాకా బోటు" అంది వేలు పెట్టి. "పద్దెనిమిది గంటలు. వెంట్రుకవాసి కదల్లేదు. జపాను బోట్లలో కూడా ఇంత బాగా ఉంచలేరు అబ్బా. ఇక్కణ్ణించి పైకి పోయింది."

"ఇదెంతసేపు?"

"యాభై నిమిషాలు."

ఆ యాభై నిమిషాలు ఎవరివని నేను అడగలేదు. గీత లేచిన చోట కింద టైము ఉంది, పదీ నలభై రెండు. అప్పటికి వీరమ్మ బొట్టు పెట్టడం అయింది. నేను మైకులో గొంతు సవరించుకుంటున్నాను.

"వంజరానికి ఏం కాలేదు కదా ఇన్నేళ్ళూ" అన్నాను.

"వంజరం వేరు అబ్బా. ఇది లోపల వేడి చేప, ఐసు దిగితే మాంసం ఉడికిపోతుంది. ఆ రోజు షెడ్డులో చెప్పాను."

"మరి కాగితం మీద బోటులో అని ఎందుకు రాశావు?"

"రేవులో అని రాస్తే ఎవరు అని అడుగుతారు. పాట ఎవరిదని అడుగుతారు. నిన్ను రేవునించి తీసెయ్యమని నా చేత్తో ఎలా రాయను?" కళ్ళు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. "ఈ సీజను పోయినా, వచ్చేసారి ఐసు ఎక్కువ వెయ్యమని బోటుకి ఓ మాట చెప్పి వదిలేస్తారనుకున్నాను. బోటు అనే రాశాను అబ్బా. బోటులో ఐసు వేసే మనిషి ఒకడు ఉంటాడని ఆ టైములో నాకు తట్టలేదు."

జహీదా కంచాలు తీస్తూ, నా వంక చూడకుండా అంది: "మీ గొంతు ఊరంతా వినపడుతుంది. ఇదొక్కటే ఎందుకు వినపడకూడదు?"

"నేను రేపు వెళ్ళి జానకిరామ్ గారికి నిజం రాసిచ్చేస్తాను" అంది ఆఫ్రీన్. "నువ్వేం చెప్పక్కర్లేదు అబ్బా."

"నీది నువ్వు రాసుకో" అన్నాను. "నాది నేను పాడుకుంటాను."

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, చివర్లో చెప్పాలని లేదు. ఆఫ్రీన్ శనివారం రాసిచ్చింది. తప్పుడు రిపోర్టు ఇచ్చిందని సోమవారానికల్లా ఉద్యోగం తీసేశారు. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుంది. నాతో అవసరమైన మాటే మాట్లాడేది, ఆ మాటని కూడా వాళ్ళమ్మ చేత పంపేది. తర్వాత నెల్లూరు వైపు ఉద్యోగం దొరికి వెళ్ళిపోయింది. ఆ కంపెనీ మా రేవుకి మళ్ళీ రాలేదు. పెద్దబ్బాయి బోటుకి రావాల్సిన సీజను నా చురకల మధ్య ఎండిపోయింది. రెండేళ్ళు వాడు నన్ను ఒరే అనలేదు, నిసార్ గారూ అన్నాడు. ఒరే అనిపించుకోవడానికి నేను పడ్డ తిప్పలు ఇంకో కథ.

సోమవారం ఉదయం రేవులో పాట వేళకి వెళ్ళాను. బోట్లు వచ్చాయి. గంపలు వరసగా పేర్చారు. వర్తకులు, ఓనర్లు, కూలీలు అందరూ ఉన్నారు. బాలశౌరి షెడ్డు స్తంభం దగ్గర, ఎవరన్నా పిలుస్తారేమోనని నిలబడి ఉన్నాడు. రోజూ నిలబడుతున్నాడట.

మైకు తీసుకున్నాను. "ఈ రోజు పాట మొదలెట్టే ముందు ఒక మాట. బోణీ సూరని పాడుచేసింది నేను."

గొల్లున నవ్వారు.

"నవ్వొద్దు. నిజం. యాభై నిమిషాలు ఎండలో పెట్టి ఉడకబెట్టాను."

"ఉప్పూ కారం వెయ్యడం మర్చిపోయారు సాయిబు గారూ!" అని ఉయ్యూరు బాబుగారు అరిచారు. ఇంకా గట్టిగా నవ్వారు. ఒకడు చప్పట్లు కొట్టాడు. ఇరవై రెండేళ్ళు నా నోటినించి వచ్చిందల్లా జోకే. ఇప్పుడు నిజం వస్తే దాన్ని నిలబెట్టడానికి చోటే లేదు. మూడోసారి చెప్పాను. నా మొహం చూసి, ఇంకా బాగా నటిస్తున్నానని మెచ్చుకున్నారు.

మైకు ఆపి కింద పెట్టాను. అరుగు దిగి పెద్దబ్బాయి దగ్గరికి వెళ్ళి ఆ గళ్ళ కాగితం వాడి చేతిలో పెట్టాను. మామూలు గొంతుతో, ఆ గొంతు నాకుందని అప్పటిదాకా వాళ్ళకే కాదు నాకూ తెలియదు, మొదటినించి చెప్పాను. గీత ఏమిటో, ఎక్కడిదాకా బోటో, ఎక్కణ్ణించి పాటో. బాలశౌరి రెండుసార్లు అడ్డుపడ్డాడనీ, రెండుసార్లూ నేనే జనాన్ని నవ్వించాననీ. రిపోర్టు తప్పనీ, మా అమ్మాయి నా కోసం అలా రాసిందనీ, నిజం రాసిచ్చేసిందనీ. వినపడక జనం దగ్గరికి జరిగారు. నేను మాట్లాడుతుంటే జనం దగ్గరికి జరగాల్సి రావడం అదే మొదలు.

పెద్దబ్బాయి కాగితం తిరగేసి మరగేసి చూశాడు. పక్కవాడికి ఇచ్చాడు. అది చేతులు మారుతూ పోయింది. చదవడం రానివాళ్ళు కూడా గీత మీద వేలు పెట్టి నడిపించి చూసుకున్నారు.

చివరికి అది స్తంభం దగ్గరికి చేరింది. బాలశౌరి దాన్ని వెలుతురు వైపు ఎత్తి పట్టుకున్నాడు.

"ఈ కిందిది నాదాండీ?"

"నీదే."

"ఎన్ని గంటలు?"

"పద్దెనిమిది. కదల్లేదు."

"అయితే నా ఐసు చాలిందన్నమాట" అన్నాడు.

పక్కన బోర్లించి ఉన్న గంప మీద కూర్చున్నాడు. నేను క్షమించమని అడగబోయాను. అతను వినడం లేదు. చేపలు ఎండబెట్టే ఇసక మేట వైపు చూస్తున్నాడు. అక్కడ తెరేసమ్మ వంగి చేపలు తిరగేస్తోంది.

"ఆవిడకి వినపడి ఉండదండీ, గాలి ఇటునించి లేదు" అన్నాడు. "ఒక్కసారి వచ్చి ఆవిడకి కూడా చెప్పండి."

అతను ముందు నడిచాడు, నేను వెనక. తెరేసమ్మ నన్ను చూసి నడుం ఎత్తలేదు. నిలబడి మొత్తం చెప్పాను. చెప్తున్నంతసేపూ ఆవిడ చేతులు చేపల్ని తిరగేస్తూనే ఉన్నాయి. అయిపోయాక చేతిలో చేప పక్కన పెట్టి లేచి, అటు పక్క తాటాకు పందిరి కింద ఉన్న ఆడవాళ్ళని కేకేసింది.

"ఏమే, అందరూ ఇట్రండి. సాయిబు గారు ఒక మాట చెప్తున్నారు, మీరూ వినండి."

వాళ్ళు కొంగులతో చేతులు తుడుచుకుంటూ వచ్చి చుట్టూ నిలబడేదాకా ఆగి, మొదటినించి మళ్ళీ చెప్పాను.